తెలుగునాట మాయావినోద వాణిజ్యం: తోలుబొమ్మ తెర నుంచి మిథ్యావాస్తవ క్రీడ వరకు

1957లో వెలువడిన ‘మాయాబజార్’ చిత్రంలో ప్రియదర్శిని అనే పేటిక ఒకటుంది. మూత తెరిచి చూసినవారికి తమ మనసుకు ఏది ప్రియమో అదే అందులో కనబడుతుంది. శశిరేఖకు అభిమన్యుడు కనిపిస్తాడు, రేవతికి నగలు కనిపిస్తాయి. ఒకే పెట్టెలో ఇద్దరికి రెండు లోకాలు. ఆనాటి ప్రేక్షకుడు దీన్ని కవికల్పనగా చూసి నవ్వుకున్నాడు. నేడు తలకు తగిలించుకునే కళ్లజోడు వంటి యంత్రంలో ఆడే మిథ్యావాస్తవ క్రీడలు అమ్ముతున్నది సరిగ్గా ఇదే సరుకును. ఎవరికి ఏది ప్రియమో అది వారి కంటికి మాత్రమే చూపడం వాటి వ్యాపారం. తేడా ఒక్కటే. ప్రియదర్శిని చూసినవారిని ఏమీ అడగదు. నేటి యంత్రం చూసేవారిని తాను కూడా చూస్తుంది. 2022లో మెటా సంస్థ తెచ్చిన క్వెస్ట్ ప్రో, 2024లో ఆపిల్ తెచ్చిన విజన్ ప్రో కనుపాప కదలికను సైతం గమనించే పరికరాలు.

ఈ క్రీడల సాంఘిక ప్రభావాన్ని గురించి మన దగ్గర జరిగే చర్చ సాధారణంగా యంత్రం పుట్టుకతో మొదలై పిల్లల చదువు పాడవుతున్నదన్న ఆందోళనతో ముగుస్తుంది. ఆ ఆందోళన నిరాధారమని ఈ వ్యాసం అనదు. అయితే మాయను చూపి రూకలు తీసుకునే వృత్తి తెలుగునేలకు కొత్తది కాదు. ఆ వృత్తి చరిత్రలో పెట్టి చూస్తే తప్ప ఇప్పుడు నిజంగా మారినదేమిటో తేలదు. అందుకోసం ఖమ్మం జిల్లా తిరుమలాయపాలెం వంటి ఒక మండలాన్ని మనసులో ఉంచుకొని ఈ పరిశీలన సాగుతుంది. ఓరుగల్లు నుంచి ఖమ్మం మీదుగా దక్షిణానికి దిగే దారిలోని ఊరది. పొరుగున కూసుమంచిలో కాకతీయుల కాలపు గణపేశ్వరాలయం ఉంది. తూర్పుగా పోతే భద్రాచలం అడవి మొదలవుతుంది.

పదం గురించి

ముందుగా పేరు. ‘వర్చువల్ రియాలిటీ’ అన్న మాట యంత్రశాలలో పుట్టిందని చాలామంది అనుకుంటారు. ఫ్రెంచి నాటక తాత్త్వికుడు ఆంతొనెన్ ఆర్తో 1938లో ప్రచురించిన ‘రంగస్థలమూ దాని ప్రతిరూపమూ’ అన్న గ్రంథంలో నాటకరంగాన్ని గురించి ఈ పదబంధాన్ని వాడాడు. యంత్రపరమైన అర్థంలో దీన్ని ప్రచారంలోకి తెచ్చినవాడు 1980లలో అమెరికాకు చెందిన జేరన్ లేనియర్. మాట నాటకశాలలో పుట్టి యంత్రశాలకు చేరిందన్న సంగతి మన చర్చకు ముఖ్యం.

తెలుగులో దీనికి కాల్పనిక వాస్తవికత, మిథ్యావాస్తవం వంటి మాటలు తిరుగుతున్నాయి. మొదటిది సాహిత్య విమర్శలోని ‘కల్పన’తో కలగాపులగమవుతుంది. రెండవదే తగినదని నా అభిప్రాయం. మిథ్య అంటే అబద్ధమని వాడుకలో అర్థమైనా, అద్వైతుల పరిభాషలో అది ఉన్నదనీ లేదనీ నిర్వచించడానికి వీలుకానిది. చీకటిలో తాడును చూసి పామనుకున్నవాడి గుండెదడ నిజమైనదే. లేనిది పాము మాత్రమే. ఆ పాము స్థాయిని ప్రాతిభాసిక సత్త అన్నారు. తలయంత్రంలో ఎత్తయిన భవనం అంచున నిలబడినవాడి మోకాళ్లు గదిలోని చదునైన నేలమీద వణకడం ఆ స్థాయికి చెందిన అనుభవమే. ఇంత సరిపోయే పరిభాష మనకు ముందే ఉండగా ఆంగ్లపదాన్నే మోయవలసిన అవసరం పండితులకు లేదు. జనవ్యవహారంలో మాత్రం ‘వీఆర్’ అన్న రెండక్షరాలే నిలుస్తాయి. దానికి విచారించనక్కరలేదు.

మాయకు యజమాని ఉన్న కాలం

నన్నయ సభాపర్వంలో దుర్యోధనుడు మయసభలో నీటిని నేలగా, నేలను నీరుగా భ్రమిస్తాడు. ఈ ఘట్టాన్ని మనవారు భ్రమకు ఉదాహరణగా చెబుతారు. కథను నడిపించేది మాత్రం భ్రమ కాదు, చూసినవారి నవ్వు. మాయలో ఒకడున్నాడు, మాయ వెలుపల నలుగురున్నారు. ఆ నలుగురి కంట పడటమే అవమానం. నగరాలలోని మాల్‌లలో తలయంత్రం పెట్టుకొని గాలిలో చేతులు విసురుతున్న యువకుడి చుట్టూ చేరి నవ్వే గుంపును చూసినవారికి ఈ సభ గుర్తుకురాక మానదు. అక్కడ దుకాణదారుడికి ఆ గుంపే ప్రకటన.

15వ శతాబ్దికి చెందిన కొరవి గోపరాజు ‘సింహాసన ద్వాత్రింశిక’లోని ఐంద్రజాలికుని కథ మరింత ఉపయోగకరం. తన భార్యను రాజు రక్షణలో ఉంచి ఒక వీరుడు యుద్ధానికని ఆకాశానికెగసిపోతాడు. పైనుంచి అతని అవయవాలు తెగి పడతాయి. భార్య సహగమనం చేస్తుంది. అంతలో అతడు సజీవంగా వచ్చి భార్యను అప్పగించమంటాడు. రాజు నిరుత్తరుడై, దుఃఖంతో కూరుకుపోయిన క్షణాన ఇదంతా తన విద్య అని అతడు విప్పి చెబుతాడు. సభ ఆశ్చర్యపోతుంది, సత్కారం అందుతుంది. ఈ కథలో రాజు ప్రేక్షకుడు కాడు, పాత్ర. అతడికి బాధ్యత ఉంది, తప్పు చేశానన్న వేదన ఉంది. నేటి క్రీడా నిర్మాతలు దేన్ని నిమగ్నత అంటున్నారో అది ఇదే. అయితే ఆ మాయకు ఒక యజమాని ఉన్నాడు. ఎప్పుడు ముగించాలో అతడికి తెలుసు. ముగిస్తే తప్ప అతడికి బహుమానం రాదు. ఈ చివరి అంశాన్ని గుర్తుంచుకోవాలి.

వినోదం అంగడి సరుకు కావడానికి సాక్ష్యం ‘క్రీడాభిరామం’. దాని కర్తృత్వంపై సాగిన వాదాలను ఇక్కడ తడవనవసరం లేదు. మంచనశర్మ, టిట్టిభసెట్టి ఓరుగల్లు వీధులు తిరుగుతూ చూసినవి కోడిపందేలు, పొట్టేళ్ల పోరు, పలనాటి వీరకథాగానం. మధ్యలో రూకనిచ్చి పూటకూటి ఇంట భోజనం. తిండి, ఆట, కథ అన్నీ ఒకే వీధిలో ఒకే నాణెంతో కొనదగినవిగా ఉన్న నగరమది. దానికి ముందే పాల్కురికి సోమనాథుడు ‘పండితారాధ్య చరిత్ర’లో శ్రీశైల యాత్రను వర్ణిస్తూ తోలుబొమ్మలాటను ప్రస్తావించాడు. అంటే అంగడి, తీర్థం అనే రెండు చోట్లా దృశ్యవినోదానికి నిలువ నీడ దొరికింది.

తోలుబొమ్మ నుంచి నేటి తెర వరకు ఉన్న దారి ఊహించి చెప్పేది కాదు. దాన్ని నడిచిన కుటుంబాలున్నాయి. 1885లో కడప ప్రాంతంలోని సురభి గ్రామంలో ‘కీచకవధ’ ప్రదర్శించి సురభి నాటక సమాజానికి అంకురార్పణ చేసిన వనారస గోవిందరావు వంశీయులు తొలుత తోలుబొమ్మలాడించినవారు. బొమ్మను వదిలి తామే తెరముందుకు వచ్చారు. వారి ‘మాయాబజార్’లో లడ్డూలు వాటంతట అవే ఘటోత్కచుని నోటిలోకి పోతాయి, బాణాలు గాలిలో ఎదురెదురై మంటలు కక్కుతాయి. తీగలు, కప్పీలు, వెలుగునీడల లెక్కతో సాధించిన ఆ భ్రమకోసమే టిక్కెట్టు కొన్నవారు లెక్కకు మించి ఉన్నారు. సురభివారు పోషకుని కోసం ఎదురుచూడలేదు. డేరా వేసి, తలుపు దగ్గర పైకం తీసుకొని, ఆదాయం తగ్గినప్పుడు మరో ఊరికి కదిలారు. తెలుగులో మాయావినోద వాణిజ్యానికి స్థిరమైన రూపమిచ్చినవారు వారేనంటే అతిశయోక్తి కాదు.

యంత్రం వైపు నుంచి ఇదే పని చేసినవాడు రఘుపతి వెంకయ్య. మద్రాసులో ఛాయాచిత్రకారుడిగా స్థిరపడిన ఆయన 1909 ప్రాంతంలో తన స్టూడియోను తాకట్టుపెట్టి బొమ్మతోపాటు ధ్వనిని వినిపించే క్రోనోమెగాఫోన్‌ను కొన్నాడు. డేరాలో ప్రదర్శనలిస్తూ దక్షిణాదిలోనే కాక సింహళానికీ బర్మాకూ తీసుకుపోయాడు. కొత్త యంత్రం మీద మోజుతో ఇల్లు గడిచే ఆధారాన్ని పణంగా పెట్టిన ఈ తెగువ మన చలనచిత్ర చరిత్రలో గౌరవంగా చెప్పుకునే సంగతి. ఆ తరువాత డేరా హాళ్లు పల్లెకు వచ్చాయి. నేల, బెంచీ, కుర్చీ అన్న తరగతులు ఏర్పడ్డాయి. సర్కారుకు వినోదపు పన్ను దక్కింది. మద్రాసు రాష్ట్రం దానికోసం 1939లో ప్రత్యేక చట్టమే చేసింది. జాతరలో బయస్కోపు పెట్టెకు కన్ను ఆనించి బొమ్మలు చూసిన పిల్లవాడే, ఆలోచిస్తే, తలయంత్రానికి అసలైన పూర్వీకుడు. ఒక్కడే చూస్తాడు. లోకం మరుగవుతుంది. అయితే పెట్టె తిప్పేవాడు పాట ఆపగానే తల ఎత్తవలసిందే, వెనక మరొకడు కాచుకొని ఉంటాడు.

వ్యాపారం అంటని దృశ్యలోకం కూడా ఈ ప్రాంతంలోనే ఉందని చెప్పకపోతే చిత్రం అసంపూర్ణమవుతుంది. భద్రాచలం అడవిలోని కోయల వేల్పుల కొలుపులలో పడిగె అనే బొమ్మల గుడ్డను విప్పి, డోలీలు ఆ గట్టు పుట్టుపూర్వోత్తరాలను గానం చేస్తారు. చూసేవాడు తన వంశం కథలోకి తానే ప్రవేశిస్తాడు. అది ఎప్పుడంటే అప్పుడు విప్పేది కాదు, ఎవరికంటే వారికి చూపేది కాదు. నిమగ్నతకు వాణిజ్యమే మూలమన్న వాదాన్ని ఒప్పుకోవడానికి పడిగె అడ్డుపడుతుంది.

తలయంత్రం కథ

పాశ్చాత్య దేశాలలో ఈ యంత్రం చరిత్ర ఆశాభంగాల వరుస. 1838లో వీట్‌స్టన్ రెండు కళ్లకు రెండు బొమ్మలు చూపి లోతు భ్రమను కలిగించవచ్చని నిరూపించాడు. 1962లో మోర్టన్ హైలిగ్ వాసన, గాలి, కదలిక కలిపి అనుభవింపజేసే సెన్సొరమాకు పేటెంటు పొందాడు, కానీ దాన్ని వ్యాపారంగా నిలబెట్టలేకపోయాడు. 1968లో ఐవన్ సదర్లాండ్ కంప్యూటరుకు కలిపిన తలయంత్రాన్ని చూపాడు. బరువెక్కువై దాన్ని పైకప్పుకు వేలాడదీయవలసివచ్చింది. 1995లో నింటెండో తెచ్చిన వర్చువల్ బాయ్‌ను ఏడాది తిరక్కుండానే ఉపసంహరించుకున్నారు. 2012లో జనం దగ్గర చందాలు పోగుచేసి మొదలైన ఆక్యులస్‌ను 2014లో ఫేస్‌బుక్ సుమారు 200 కోట్ల డాలర్లకు కొన్నది. 2021లో ఆ సంస్థ తన పేరునే మెటాగా మార్చుకున్నది. ఈ విభాగంలో దాని నిర్వహణ నష్టం 2022లో సుమారు 1,370 కోట్ల డాలర్లు, 2023లో సుమారు 1,610 కోట్ల డాలర్లు.

ఇంత నష్టం భరించి నడిపే వ్యాపారాన్ని ఎలా అర్థం చేసుకోవాలి? వెంకయ్య స్టూడియో తాకట్టుకూ దీనికీ పోలిక పైపైనే. వెంకయ్యకు ప్రతి ఆటకూ తలుపు దగ్గర పైకం వచ్చేది. ఇక్కడ యంత్రాన్ని చవకగా ఇచ్చి లోపలికి రప్పిస్తారు. తరువాత ఆట కొనుగోలుపై, ఆటలోని వేషాలు, పాటలు, ఆయుధాల కొనుగోలుపై వాటా తీసుకుంటారు. పైకం తలుపు దగ్గర నుంచి లోపలికి జరిగింది. గోపరాజు ఐంద్రజాలికుడికి మాయ ముగిశాకనే బహుమానం. ఈ వర్తకునికి మాయ ముగియకపోవడంలోనే లాభం. వినోద వాణిజ్య చరిత్రలో నిజంగా కొత్తదైన మలుపు ఏదైనా ఉంటే, నా దృష్టిలో, ఇదే.

హైదరాబాదు ఈ వాణిజ్యంలో ఉత్పత్తిదారుగా ప్రవేశించింది. తెలంగాణ ప్రభుత్వం 2016లో యానిమేషన్, క్రీడారంగాల కోసం ‘ఇమేజ్’ విధానాన్ని ప్రకటించింది. 2017లో రాయదుర్గంలో ఇమేజ్ టవర్‌కు శంకుస్థాపన జరిగింది. ‘బాహుబలి’ నిర్మాతలైన ఆర్కా మీడియావర్క్స్, ఏఎండీ సంస్థతో కలిసి ‘ద స్వోర్డ్ ఆఫ్ బాహుబలి’ అనే మిథ్యావాస్తవ చిత్రాన్ని రూపొందించారు. మాహిష్మతి కోటలోకి ప్రేక్షకుడు తానే నడిచిపోవచ్చునన్నది దాని ఆకర్షణ. ఘటోత్కచుని మాయానగరాన్ని తీగలతో కట్టిన సురభి దగ్గర నుంచి ఇక్కడి దాకా ఆశయం ఒక్కటే.

తిరుమలాయపాలెం చేరినదేమిటి?

తలయంత్రం మాత్రం ఈ ఊళ్లకు రాలేదనే చెప్పాలి. 2020లో క్వెస్ట్ 2 అమెరికాలో 299 డాలర్లకు వెలువడినప్పుడు దాన్ని చవక అన్నారు. మిర్చి, పత్తి ధరల మీద ఆధారపడ్డ ఇంటిలో ఆ సొమ్ముకు వేరే పనులుంటాయి. వచ్చినది ఆ వాణిజ్యపు అచ్చు, సెల్‌ఫోన్ రూపంలో. 2016 సెప్టెంబరులో జియో రాకతో డేటా చవకైంది. అదే ఏడాది డిసెంబరులో పోకెమాన్ గో అధికారికంగా ఇండియాకు వచ్చినా పల్లెలో అది పెద్దగా నాటుకున్న జాడలేదు. ఆ ఆటలోని మజిలీలు పట్టణపు గుర్తులపై ఏర్పడినవి. పల్లెలో పాతుకున్నది పబ్జీ, తరువాత ఫ్రీ ఫైర్.

2020 సెప్టెంబరు మొదటి మూడు రోజులను ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడవలసి ఉంది. ఒకటవ తేదీన తెలంగాణలో ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ద్వారా డిజిటల్ పాఠాలు మొదలయ్యాయి. టీవీ చాలని ఇళ్లలో ఫోను పిల్లవాడి చేతికి వచ్చింది. రెండవ తేదీన కేంద్ర ప్రభుత్వం పబ్జీ సహా 118 యాప్‌లను నిషేధించింది. కారణం పిల్లల క్షేమం కాదు, దేశ భద్రత. మూడవ తేదీన ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం ఆన్‌లైన్ రమ్మీ, పోకర్ వంటి పందెపు ఆటల నిషేధానికి ఆమోదం తెలిపింది. మూడు నిర్ణయాలూ మూడు చోట్ల, మూడు కారణాలతో జరిగాయి. ఒక పల్లెటూరి ఇంటిలో మాత్రం అవి ఒకే ఫోను మీద వచ్చి పడ్డాయి.

పందెపు ఆటల విషయంలో తెలంగాణ 2017లోనే ముందడుగు వేసింది. ఆ చట్టం చరిత్ర ఆసక్తికరం. నిజాం కాలపు హైదరాబాదు జూద చట్టం 1305 ఫసలీ నాటిది, అంటే క్రీ.శ. 1895-96. సికింద్రాబాదులోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్‌పై దాడి జరిగినప్పుడు ఆ చట్టం కిందనే కేసు నడిచింది. దానిపై సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు 1968 నాటి సంపుటాలకెక్కి, రమ్మీ ప్రధానంగా నైపుణ్యపు ఆట అన్న సూత్రాన్ని దేశమంతటికీ ఇచ్చింది. పడిన ముక్కలను గుర్తుంచుకొని, ఏది ఉంచుకోవాలో ఏది వదలాలో ఎంచడం నైపుణ్యమని న్యాయస్థానం భావించింది. ఒక సికింద్రాబాదు క్లబ్బులోని బల్లచుట్టూ కూర్చున్న మనుషులను చూసి చెప్పిన ఆ మాటను అర్ధశతాబ్ది తరువాత ఆన్‌లైన్ సంస్థలు కవచంగా తొడుక్కున్నాయి. 2017 సవరణ 1974 నాటి చట్టంలోని జూదగృహ నిర్వచనంలోకి సైబర్ స్పేస్‌ను చేర్చింది. పందెం కాసిన ఆటకు నైపుణ్యమనే రక్షణ లేకుండా చేసింది. గృహం అన్న మాటకు గోడలు పోయిన సందర్భమది.

2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ క్రీడల చట్టం ఈ-క్రీడలను, సరదా ఆటలను, డబ్బు పందెపు ఆటలను వేరుచేసి మూడవ రకాన్ని దేశమంతటా నిషేధించింది. మిథ్యావాస్తవ క్రీడలలో పందెం లేనివి ఈ నిషేధానికి వెలుపలివే. గెలిస్తే సొమ్ము తిరిగి రాదు గనుక అది జూదం కాదన్న తర్కం సరైనదే. అయితే ఆటలోని వేషానికో ఆయుధానికో పెట్టిన సొమ్ము గెలిచినా ఓడినా తిరిగి రాదు. తల్లిదండ్రుల ఖాతా నుంచి ఆ సొమ్ము పోయిన ఇంటిలో ఈ భేదం పెద్ద ఊరట ఇవ్వదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన వ్యాధుల వర్గీకరణలో క్రీడావ్యసనాన్ని చేర్చినప్పుడు సొమ్మును ప్రమాణంగా తీసుకోలేదు. ఆటపై అదుపు తప్పడం, మిగతా జీవితం కన్న అది ముఖ్యం కావడం, నష్టం తెలిసినా మానలేకపోవడం అన్నవే దాని గుర్తులు.

తలయంత్రపు ఆటలన్నీ ఒకే గాటన కట్టవలసినవి కావు. 2018లో వచ్చిన బీట్ సేబర్ వీటిలో బాగా అమ్ముడైనది. రెండు చేతులా రెండు కత్తులు పట్టి, పాట దరువుకు ఎదురువచ్చే దిమ్మలను నరకడం ఆట. ఒళ్లు చెమటపడుతుంది, చెవి లయకు అలవాటుపడుతుంది. కొత్త పాటలు విడిగా కొనాలి. ఈ ఆటను చూసిన తెలుగువారికి కోలాటం తలపుకు రావడం సహజం. అక్కడా రెండు చేతులా రెండు కోలలు, అక్కడా దరువు. కానీ కోలాటంలో నీ కోల తగలవలసింది ఎదుటివారి కోలకు. వారు తప్పితే నీ అడుగూ తప్పుతుంది. పంతులు కేక వేస్తే వరుస మారాలి. యంత్రంలోని దిమ్మ ఎన్నడూ అలసిపోదు, అలగదు.

భాషలో ఈ మార్పు ఎలా నమోదవుతున్నదో చూడటం తెలుగు శాఖల పని. పాత ఆటల పదజాలం మనిషికీ మనిషికీ మధ్య జరిగే బేరసారాలది. పంటలు వేయడం, జట్టు కట్టడం, తొండి చేయడం, అలిగి ఆట విడవడం. చిర్రగోనెలో, గోటీలలో, అష్టాచెమ్మాలో సగం సేపు తగవు తీర్చుకోవడానికే పోయేది. సెల్‌ఫోన్ క్రీడలతో పల్లెపిల్లల నోట లాబీ, స్క్వాడ్, లూటు, స్కిన్ను, డైమండ్లు చేరాయి. వీటిలో సగం సైన్యానివి, సగం అంగడివి. పిల్లలు వీటికి తెలుగు ప్రత్యయాలు తగిలించి చక్కగానే వాడుకుంటున్నారు. ‘లూటు చెయ్’, ‘స్క్వాడ్‌లకు రా’ వంటి వాక్యాలలో వ్యాకరణ దోషమేమీ లేదు. ‘తొండి’ మాత్రం క్రమంగా వెనక్కు పోతున్నది. తొండి అని అరవాలంటే ఎదుటివాడి చెయ్యి కంటికి కనబడాలి, ఆ అరుపు విని తీర్పు చెప్పే మూడోవాడు పక్కనే ఉండాలి. ఫోనులో ఆ మాటకు బదులు ‘హ్యాకర్’ వచ్చింది. ఆ పేరుతో పిలవబడేవాడు ఏ ఊరివాడో, అసలు మనిషో కాదో పిలిచే పిల్లవాడికి తెలియదు.